డీజిల్ అయిపోయిన శుక్రవారం

పెర్త్ నగరం అంచున, రైలు కట్టకీ
కార్ల గోదాముకీ నడుమ
పదకొండెకరాల ముళ్లపొద.
దాన్ని అడవి అనడానికి
మునిసిపాలిటీకి నోరు రాదు.
వాళ్ల పటంలో అదొక నంబరు.

నెలలో రెండో ఆదివారం
తొమ్మిదిమంది వస్తారు. వానైతే ఆరుగురు.
ఇంట్లోకొచ్చేముందు కాళ్లు కడుక్కున్నట్టు
గేటు దగ్గర బూట్ల అడుగులు రుద్ది కడుగుతారు.
వేళ్లని కుళ్లబెట్టే తెగులొకటి
తడిమన్నులో దాక్కుని
మనిషి కాలిమీదే ఊరేగుతుందట.
ప్రేమతో చూడ్డానికొచ్చినవాడి కాలైనా సరే,
దానికి తేడా తెలీదు.

నోటుపుస్తకం లోర్నా పెటిఫర్‌ది.
ముప్ఫైయేళ్లు వినపడని పిల్లలకి చదువు చెప్పిన మనిషి,
కళ్లతో వినడం అలవాటు.
"ఏడూ నలభై. బ్యాంక్సియా కింద
కొరికి పారేసిన కాయలు, పద్నాలుగు.
నల్ల కాకటూలు వచ్చి వెళ్లాయి.
చూడలేదు."
చూడనిదాన్ని చూడలేదని రాయడం
ఆవిడ నేర్పకుండానే అందరికీ పట్టుబడింది.

ఇసుకలో గరాటుల్లాంటి చిన్న గోతులు.
బాండికూట్ అని రాశాడు కుర్ర డారియస్.
నాకు నవ్వొచ్చింది.
మన పందికొక్కే అది!
ఒళ్లంతా ఇక్కడే వదిలి, పేరొక్కటే ఓడెక్కి
సముద్రాలు దాటి
ముక్కూ మొహం తెలియని జంతువు మీద వాలింది.
"దానికి పేరు ముందునుంచీ ఉంది,"
అంది, అందరూ అత్తా అని పిలిచే నూంగార్ పెద్దావిడ వెర్నా.
"క్వెండా. రాయి."
కుర్రాడు కొట్టేసి రాశాడు.
పేజీలో రెండూ కనబడుతూనే ఉన్నాయి.

స్తిపాన్ రాదిన్ మోకాళ్ల మీదున్నాడు.
డెబ్బైతొమ్మిదేళ్లు. మోకాళ్ల కింద
పాత కారు సీటు ముక్క.
ఆఫ్రికానించి వచ్చిపడిన గడ్డి ఇది,
ఇక్కడ ఎవరి కడుపూ నింపదు,
వేసవిలో మంట కడుపు తప్ప.
కుదుట్లో కత్తి దించి, మెలిపెట్టి
వేరుతో సహా లాగుతాడు.
జానెడు దూరంలో సాలీడు ఆర్కిడ్,
నిన్నో మొన్నో విచ్చింది.
దాని పక్కన ఆయన చేతులు
మంత్రసాని చేతులైపోతాయి.

టీ తాగుతూ చెప్పాడు. ఎవరూ అడగలేదు.
"ఆ గోదాము నేలంతా నేనే చదునుచేశాను.
రెండు బుల్డోజర్లు, మధ్యన ఓడ లంగరు గొలుసు.
ఎడమది నాది.
అట్నుంచి ఇటొస్తున్నాం. ఇదిగో, ఈ చెట్టుదాకా.
శుక్రవారం మూడింటికి డీజిల్ అయిపోయింది.
సోమవారం చూద్దాంలే అన్నాడు మేస్త్రీ.
సోమవారానికి కంపెనీ దివాలా."

ఫ్లాస్కు మూత చప్పుడు.
కట్టమీద ఖాళీ రైలు పోయింది.

"నేను ఆపలేదు," అన్నాడు.
"అది రాసుకో లోర్నా."

లోర్నా కలం తీసింది.
తేదీ, జాతి, సంఖ్య. పుస్తకంలో ఉన్నవి మూడే గడులు.
కాసేపు కలాన్ని అలాగే పట్టుకుంది.
వెర్నా అత్త కప్పులో మిగిలిన టీ ఇసుకలో ఒంపి
"పొద్దెక్కుతోంది" అంది, అంతే.
క్షమించినట్టూ కాదు, కసిరినట్టూ కాదు.
మళ్లీ అందరూ గడ్డిలోకి.

గురువారం కౌన్సిల్ హాల్లో విచారణ ఉంది.
గోదాముకి ఇంకో అరవై కార్ల చోటు కావాలట.
ఈ నోటుపుస్తకాలు పందొమ్మిది
చేపల బుట్టలో పెట్టుకుని వెళ్తారు.
కాయలు పద్నాలుగు, గోతులు తొమ్మిది, ఆర్కిడ్ ఒకటి.
ఆ ఆర్కిడ్ ఎక్కడుందో మాత్రం
చెప్పరు. అడిగినా చెప్పరు.

పదకొండింటప్పుడు, పడమటినించి
తలుపు కీళ్లు కిర్రుమన్నట్టు అరుపులు.
అందరూ లేచి, టోపీలు వెనక్కి నెట్టి
ఆకాశంకేసి తిరిగారు.
తోకల్లో తెల్లపట్టీలు, నల్లటి నెమ్మది రెక్కలు.
డారియస్ గట్టిగా లెక్కపెడుతున్నాడు.

స్తిపాన్ తలెత్తలేదు.
చేతిలో సగం వచ్చిన వేరుంది,
వదిలితే లోపలే తెగుతుంది.

"ఎన్ని?" అన్నాడు మన్నుతోనే.