ఎనభై శాతం

టొలీడోలో ఫిబ్రవరి.
బస్సు ఇరవై నిమిషాలు లేటు,
అంటే ఇవాళ మొత్తం లేటు.
ఎమ్మెట్‌కి గడియారమంటే ఆ పసుపుపచ్చ బస్సే.
రాగానే కోటు విప్పడు. బూట్లకంటిన మంచు కరిగి
నేలమీద చిన్న మడుగయ్యేదాకా దాన్నే చూస్తాడు.
నేనూ చూస్తాను.
ఆ మడుగు పూర్తి కాకుండా
మా గదిలో ఏ పాఠమూ మొదలవదు.

బాయిలర్ పక్క గది మాది. కిటికీ లేదు.
పై అంతస్తులో ఆల్జీబ్రా, కెమిస్ట్రీ.
ఇక్కడ తువ్వాళ్ళు మడతపెట్టడం,
చిల్లర లెక్కపెట్టుకోవడం,
మైక్రోవేవ్‌లో ఏది పెట్టకూడదో.
పదిహేడేళ్ళ ఒడాలిస్ ఈ వారం
తన జడ తనే వేసుకుంది. వంకరగా.
సరిచెయ్యబోతే చేతిమీద ఒక్కటిచ్చింది.
సరే తల్లీ, వంకరే ఉండనీ.

"నీకెంత ఓపికో! మావల్ల కాదు బాబూ"
అంటారు స్టాఫ్ రూములో.
మెచ్చుకోలు లాగే ఉంటుందా మాట,
ఎవరో తలుపు మెల్లగా దగ్గరికి వేసినట్టూ ఉంటుంది.
ఓపిక లేదు నాకు.
నిన్న పార్కింగ్‌లో కారు అద్దాలెత్తి
హీటరు పెంచి, గొంతు పోయేలా అరిచాను.
ముంజేతిమీద పంటిగాటు, నాలుగు రోజులది.
పిల్లి కరిచిందని చెప్పాను ఇంట్లో.
మాకు పిల్లి లేదు.

కాగితాలు మాత్రం ఉన్నాయి.
ఒక్కొక్కరికీ ముప్ఫై రెండు పేజీలు.
"పది అవకాశాల్లో ఎనిమిదిసార్లు
మాటతోగాని, సైగతోగాని, బొమ్మతోగాని
జవాబిచ్చును."
ఎనభై శాతం చేతులు కడుక్కోవడం.
ఎనభై శాతం ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడడం.
నేనెప్పుడైనా, ఎవరికైనా
పదికి ఎనిమిదిసార్లు సరిగ్గా జవాబిచ్చానా?

ఎమ్మెట్ మాట్లాడడు.
టాబ్లెట్ ఇచ్చి మూడేళ్ళయింది.
అందులో ఎవరిదో గొంతు, ఎప్పుడూ జలుబు చెయ్యని గొంతు.
వాడు నొక్కేది ఒకటే బొమ్మ: "అయిపోయింది."
లంచ్ డబ్బా తెరవకముందే, "అయిపోయింది."

మంగళవారం కరెంటు పోయింది.
రోజంతా మూలిగే బాయిలర్ కూడా నోరు మూసుకుంది.
కిటికీ లేని గది చీకటి
కళ్ళు మూసుకున్నా తెరిచినా ఒకటే.
ఒడాలిస్ కేక. కుర్చీ పడ్డ చప్పుడు.
ఏం చెయ్యాలో తోచక
నా నోట్లోంచి తెలుగు ఊడిపడింది.
"అనగనగా ఒక బస్సు.
దానికి మంచు అంటే భయం."

"ఊఁ."

ఆగిపోయాను.
వాడు బాయిలర్‌తో పాటు మూలగడం మామూలే,
కానీ ఇప్పుడు బాయిలర్ లేదు.
"అందుకని అది తెల్లారినా దుప్పటి తియ్యదు..."
"ఊఁ."
వాక్యం చివర. సరిగ్గా చివర.
ముందూ కాదు, వెనకా కాదు.
కథలంటే చెవి కోసుకునే పిల్లలు
నిద్ర ఆపుకుంటూ కొట్టే ఊ.
ఎవరూ నేర్పలేదు వాడికి.
మూడో వాక్యం వెతుక్కునేలోపు లైట్లొచ్చాయి.

బుధవారం పదిసార్లు ప్రయత్నించాను.
తెలుగులో, ఇంగ్లీషులో, లైట్లార్పి కూడా.
పదికి సున్నా.
ఒకసారి టాబ్లెట్ అంది, "అయిపోయింది."

గురువారం మీటింగ్.
గాజు ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ దిగి
తిన్నగా వచ్చింది వాళ్ళమ్మమ్మ మిసెస్ జెలిన్‌స్కీ.
కోటు విప్పలేదు. ఎవరి పోలికో తెలిసింది.
స్పీచ్ థెరపిస్ట్ అడిగింది:
"అది మాటా? శబ్దమా?"
మా భాషలో కథ చెప్పేవాళ్ళొకరైతే
మోసేవాళ్ళింకొకరని,
ఊ కొట్టేవాడు లేకపోతే కథ నడవదని
ఏదో చెప్పాను, తడబడుతూ.
"బావుంది," అందామె, నిజంగానే.
"ఏ గడిలో రాయను?"

ఎవరూ మాట్లాడలేదు కాసేపు.
ముప్ఫై రెండో పేజీలో సంతకాలయ్యాయి.
వెళుతూ వెళుతూ గుమ్మం దగ్గర ఆగి
మిసెస్ జెలిన్‌స్కీ అడిగింది:
"ఇంతకీ, ఆ బస్సు
దుప్పటి తీసిందా?"