గాడి

ములుగు రోడ్డు మీద టైర్ల కొట్టు.
"యాడికి నడుస్తది బండి?"
అడిగిండు యాకూబ్‌పాషా.
తాడ్వాయి దాకా తారే, అన్న.

ఆయన నమ్మలే.
పాత టైరు ముందట గొంతుక్కూసొని
స్క్రూడ్రైవర్‌తోని గాడి గెలికిండు.
ఎండిన రేగడి. మొరం బెడ్డ. తునికాకు ఈనె.
అడుగున
తెల్లటి గులకరాయి, వాగుది.

పోయిన వానల్ల ఆడనే
చక్రం ఉత్తగ తిరిగింది.
వెనక సీట్ల ముత్తక్క పండ్లు కొరుక్కుంట.
బండి గడ్డకెక్కకముందే
బిడ్డ ఏడ్చింది.

"లోతు గాడివి. తారు మీద మోత జేస్తయి,
డీజిల్ గూడ తాగుతయి" అన్నడు పాషా.
తాగనీ, బిగించు.

నాలుగింటికే పైసలైపోయినయి.
స్టెప్నీ పాతదే.
రాయిని మళ్ల దాని గాడిలనే పెట్టిన.