మినిట్స్ పుస్తకంలో రాయనివి

తీర్మానం నంబరు పదకొండు:
బడి వెనక ఎకరం డెబ్బై సెంట్లలో సోలార్ పలకలు.
చేతులెత్తినవాళ్ల లెక్క రెండుసార్లు తప్పింది.
సముద్రపు గాలికి టెంటు లేచిపోతుంటే
ముగ్గురు దాన్ని పట్టుకునే ఉన్నారు.

హెడ్మాస్టరు గారు కరెంటు బిల్లు చదివారు,
ఆదివారం పూజలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు చదివినట్టు.
"ఎండ మనదే, నేల మనదే,
మద్దిన ఈ కంపెనీవోడెవుడు?"
వంట చేసే తవుడమ్మ.
పాతికేళ్ల లీజు అనగానే
వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ
మనవరాలి పెళ్లీడు దాటాక ఆపేసింది.

పోర్టు బొగ్గుపొడి మాట ఎత్తింది మాత్రం
ఏడో తరగతి డొమినిక్.
"జ్ఞానాపురంలో ఆరేసిన చొక్కాలే
సాయంత్రానికి నల్లబడిపోతాయి కద సార్,
ఆ అద్దాలు ఎవులు తుడుస్తారు?"
అందరూ నవ్వారు. నేనూ.
తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఫ్యాను తిరగని గదిలో
మొన్న మార్చిలో స్పృహ తప్పిన పిల్ల గుర్తుంది నాకు.
అదే పిల్ల లాంగ్‌జంప్ దూకి
ఆ గ్రౌండు ఇసకలో వదిలిన మడమల గుంట కూడా.
ఈ రెండూ ఏ కాలమ్‌లో రాయాలి?

పుస్తకం మూశాను.
అట్ట మీద అప్పుడే సన్నగా నల్లపొడి.
తీర్మానం నెగ్గిందో లేదో
రేపు మళ్లీ లెక్కపెట్టాలి,
టెంటు లేకుండా.