పద్నాలుగు రోజుల గడువు

ముందు బరువు రాయమన్నారు.
ముఖమ్మీద ఆరువందల యాభై గ్రాములు,
జేబులో వేలాడే బ్యాటరీ వేరే.
మా కాంటా మీద పెట్టి చూశాను:
పెద్ద దారం ఉండలు పదమూడూ, ఇదీ సరిగ్గా తూగాయి.
రాజుగారు పెట్టెని అటూ ఇటూ తిప్పి
"నచ్చకపోతే పద్నాలుగో రోజుకి పంపేద్దాం,
పనికీ ఆటకీ రెంటికీ చూడమ్మా, రిపోర్టు రాయి" అన్నారు.
నరసాపురంలో లేసు డిజైన్లు గీసే మనిషిని.
రిపోర్టంటే నాకు తెలిసింది
ఎన్ని పువ్వులు, ఎంత దారం, ఏ ఓడ.

మొదటి మూడు రోజులూ ముఖానికి పట్టలేదు.
రేవు గాలి, తడి, ఉప్పు,
అద్దం లోపల ఆవిరి.
ముక్కు మీద రెండు గుంటలతో ఇంటికెళ్తే
మా చెల్లెలు జలజ
"ఎవరు కొట్టారే?" అంది.

నాలుగో రోజు పని కుదిరింది.
గది గదిలానే ఉంది,
కరెంటు లేని ఫ్యాను, ఓ పక్కకి జారిన క్యాలెండరు,
నా చెయ్యి, చేతికి గాజు.
వాటి మధ్య గాల్లో
చాపంత వెడల్పున నా గ్రాఫు కాగితం.
ఇరవయ్యేళ్ళుగా ఒంగి చూసినదాన్ని
తలెత్తి చూశాను.
మెడనొప్పి తగ్గలేదు,
వెనకనించి ముందుకొచ్చింది, అంతే.

ఆట సంగతి.
సఖినేటిపల్లి పంటు మీద పెట్టుకున్నాను.
తప్పే. కదలని చోట ఆడాలని పుస్తకంలో ఉంది.
రేవులో క్యారమ్ బోర్డు పరిచాను,
పంటు కదిలింది, బోర్డు కదల్లేదు.
ఎర్ర కాయ ఒడ్డునే ఉండిపోయి
చిన్నదై, చిన్నదై, చుక్కయింది.
వశిష్ఠ మధ్యలో నేను గాలిని కొడుతుంటే
మోటారు సైకిలు మీద చేపల బుట్టాయన
కాస్త జరిగి దణ్ణం పెట్టుకున్నాడు.
ఆటకి పదికి నాలుగు మార్కులేశాను.

తొమ్మిదో రోజు సువార్తమ్మ వచ్చింది
అల్లినవి అప్పగించి డబ్బు పట్టుకెళ్ళడానికి.
"ఆ గుర్రపు గంతలేంటండీ?"
పెట్టుకుంటావా అంటే
కొంగుతో మొహం తుడుచుకుని
ఫొటో తీయించుకునేదానిలా కూచుంది.
ఆమె చూసేదంతా నా ల్యాప్‌టాప్‌లో నాకూ కనిపిస్తుంది.

బొటనవేలూ చూపుడువేలూ కలిపితే
నొక్కినట్టు. యంత్రానికి తెలిసిన భాష అదే.
సువార్తమ్మ వేళ్ళు ఎనిమిదో ఏట కలిసినవి.
సూది లేకపోయినా ఒళ్ళో అల్లుతూనే ఉంటాయి
బస్సులో, ప్రార్థనలో, బియ్యం ఉడికేలోపు.
ఇంకేముంది,
వాతావరణం, లెక్కల పట్టీ, ఎవరిదో సముద్రం,
కిటికీ మీద కిటికీ ముప్పై తెరుచుకున్నాయి.
"నేనేం ముట్టుకోలేదండీ!" బెదిరిపోయింది.
చేతులు కట్టుకోమన్నాను.
ఆమె చేతులు కట్టుకుని కూర్చోవడం
నేనెప్పుడూ చూడలేదు.

అప్పుడు తన బల్లగుడ్డ ఫొటోనే పెట్టాను,
గోడలు దాటేంత.
లేచి పూల మధ్య నడిచింది,
చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, చేల గట్టు మీద నడిచినట్టు.
ఒక చోట ఆగింది.
"ఇక్కడేనండీ. ఒక ముడి తక్కువ."
నాకు కనిపించలేదు. కొన్నవాళ్ళకీ కనిపించి ఉండదు.
"ఆ పూట పక్కింటి కోడలికి నొప్పులొస్తే
ఆటో కోసం పరిగెట్టాను. తిరిగొచ్చి ఇక్కణ్ణించే ఎత్తుకున్నా.
పిల్లాడు ఇప్పుడు బోర్లా పడుతున్నాడు, ఆయ్."

గాల్లో దారం కొస పట్టుకుంది.
విప్పడానికి లాగింది.
మూసెయ్యమన్నట్టు అర్థమైంది యంత్రానికి,
గుడ్డంతా ఎడమకి జారి మాయమైంది.
చిటికెన వేలు ఇంకా ఎత్తే ఉంది.
ఆ గుడ్డ ఓడెక్కి నాలుగు నెలలు.

రిపోర్టు రాత్రి రాశాను.
బొమ్మ స్పష్టత: ముడి దొరికింది.
చేతిని గుర్తుపట్టడం:
ఇక్కడ కలం చాలాసేపు ఆగింది,
"అవసరానికి మించి" అని రాసి, కొట్టేసి,
మళ్ళీ అదే రాశాను.
కొనాలా వద్దా అన్న గడి రాజుగారికి వదిలేశాను.

గడువు రేపటితో సరి.
వాడినట్టు తెలియకూడదని షరతు.
మెత్త మీద సువార్తమ్మ కొబ్బరినూనె.
రెండుసార్లు తుడిచాను.