చెప్పుల మీద సుద్దపొడి

చీమకుర్తిలో అన్నాల బెల్లు తర్వాత మొదటి పీరియడ్
నాది కాదు, క్వారీ సైరన్‌ది.
మూడుసార్లు కూస్తుంది.
రెండు నిమిషాలు ఊరంతా ఊపిరి బిగబట్టినట్టుంటుంది.
తర్వాత నేల కింద నుంచి ఒక దెబ్బ.
ఎనిమిదో తరగతి కిటికీ ఊచలు సన్నగా వణుకుతాయి,
బోర్డు అంచున పేరుకున్న సుద్దపొడి
తనంతట తనే జారి నా చెప్పుల మీద పడుతుంది.

పిల్లలెవరూ తలెత్తరు. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ వింటున్న చప్పుడు.
గౌసియా ఒక్కతే
మూడో కూతకి ముందే పెన్నుకి మూత పెడుతుంది,
చేతులు రెండూ బల్ల కిందికి తీసుకుంటుంది.
అంతా అయ్యాక మూత తీసి
ఎక్కడ ఒత్తు ఆగిపోయిందో అక్కడి నుంచే రాస్తుంది.

జూలై నుంచి చూస్తున్నాను.
అడగలేదు.

అడగడం రాక కాదు.
పొదిలిలో ఉన్నప్పుడు నాకు అడగడం మహా బాగా వచ్చు.
మాల్యాద్రి అని ఒక పిల్లోడు
'మా నాన్న' వ్యాసానికి తేదీ వేసి ఊరుకున్నాడు.
"ఏందిరా అబ్బయ్యా, లోపల పెట్టుకోకు, చెప్పు,
మనమంతా ఒక ఇంటివాళ్ళమే గదా" అన్నాను
నలభై రెండు మంది ముందు,
భుజం మీద చెయ్యి వేసి.
నా గొంతు నాకే ఎంత మెత్తగా వినబడిందో ఆ రోజు!
చెప్పాడు వాడు.
చెప్పిందాకా నేను చెయ్యి తీస్తే గదా.

ఆ రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకుంటూ మా ఆవిడతో అన్నాను,
"పిల్లకాయలు నాకు అన్నీ చెప్పుకుంటారు" అని.
అప్పటికే బోరింగు దగ్గర
వాడు చెప్పిన మాట వాడికి పేరైపోయింది.
సోమవారం నుంచి మూడో బల్ల చివర ఖాళీ.
దర్శి బళ్ళో చేరాడంట. టీసీ మీద
సబ్జెక్టు టీచరు సంతకం అక్కర్లేదు,
అందుకని నన్నెవరూ పిలవలేదు.

మొన్న తల్లిదండ్రుల మీటింగుకి అంకబాబు వచ్చాడు,
గుంతలో డ్రిల్లింగు చేస్తాడు, చెవుల్లో ఇంకా నల్లటి దుమ్ము.
కొడుకు మార్కులు చూడకుండా రాళ్ళ కబుర్లు మొదలుపెట్టాడు.
"రాయికి వాలుంటది సార్.
వాలు చూడకుండా మేకు దించామా,
లోపల సన్న గీత పడిపోద్ది. పైకి కనపడదు.
పాలిష్ పట్టినాక తెలుస్తది, ఎవురూ కొనరు."
ఆయన రాయి గురించే చెప్పాడు.
నేనే హాజరుపట్టీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను.

ఇప్పుడు వ్యాసానికి పేరు ఇవ్వను.
ఏం చూశారో అది రాయండి అంటాను.
గౌసియా కుంటి మేక ఒకటి గోడ దూకిన తీరు
రెండు పేజీలు రాసింది.
కింద ఎర్ర పెన్నుతో 'ఏమైనా ఉంటే చెప్పమ్మా' అని
రాయబోయి, చెయ్యి ఆపుకుని,
'ల' కాదు 'ళ' అని దిద్ది
'మేక బాగుంది' అని రాశాను.

ఇంకొకటి కూడా చేస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు.
సైరన్‌కి నిమిషం ముందు
"పెన్నులు పక్కన పెట్టి నీళ్ళు తాగండి" అంటాను.
ముప్పై ఆరు మూతలు ఒక్కసారి టకటకమంటాయి.
అందులో ఆమెది ఏదో నాకే తెలియదు.

ఆమెకి ఏం జరిగిందో మీకు చెప్పలేను.
నాకూ తెలియదు.

నిన్న దెబ్బ పడ్డాక, బాటిల్ మూత బిగిస్తూ
గౌసియానే అడిగింది,
"సార్, చెప్పుల మీద సుద్ద పడతా ఉంటది గదా రోజూ,
దులుపుకోరెందుకు?"

పొదిలి గుర్తొచ్చింది. నోటిదాకా వచ్చింది.
"ఏం లేదులే అమ్మా" అన్నాను.

నా ముఖం వైపు ఒక క్షణం చూసింది,
సరే అన్నట్టు తలూపింది,
నోట్సు తిప్పి
"ఎన్నో పేజీ సార్?" అంది.