వాడుక

మార్చి ముప్పయ్యొకటి, సాయంత్రం అయిదు.
కిటికీ మూసినా ఉప్పుగాలి
ఎలాగో లోపలికొచ్చి
స్టాప్లర్ పిన్నుల్ని కొరుక్కు తింటోంది.
తెర మీద మిగిలింది ఒకే ఒక్క ఎర్రగీత:
ఎనిమిదో భాగం. అందలేదు.
కట్టిపెట్టిన సొమ్ము రెండువేల నాలుగొందలు.
పొడిగించాలా? రద్దా?

స్టాండింగ్ ఆర్డరంటే ఏమిటని
చేరిన కొత్తలో అడిగాను.
మజ్జి సన్యాసిరావు గారు కళ్లజోడు తుడుచుకుంటూ
"వాడుకమ్మా" అన్నారు.
"మా కంచరపాలెం వీధిలో
నూకాలు చేపలబుట్ట దించినట్టు.
ఇవాళ కావాలా అని ఆమె అడగదు,
తెమ్మని మనం చెప్పం.
వద్దనేదాకా వస్తూనే ఉంటుంది."
అరలోంచి ఒక కార్డు లాగి చూపించారు.
తూర్పుతీరపు గవ్వలు, నత్తలు. పన్నెండు సంపుటాలు.
ఏడు గళ్లలో ఆయన పచ్చసిరా టిక్కులు.
ఎనిమిదో గడి ఖాళీ.
"వస్తుందిలే" అన్నారు.

ఆయన రిటైరయ్యారు, కార్డులు బస్తాల్లోకెళ్లాయి.
కంప్యూటర్లోకి ఎక్కించింది నేనే:
విక్రేత కోడు, నిధి కోడు,
రాకపోతే ఎన్నాళ్లకోసారి గుర్తు చెయ్యాలో.
మూడువందల అరవై అయిదు అని కొట్టి
టీకి వెళ్లిపోయాను.

హుద్‌హుద్ నాడు రేకులు లేచిపోయి
అట్లాసులు తడిసి ముద్దయ్యాయి.
వాసుపల్లి ఎల్లాజీ
పేజీకీ పేజీకీ మధ్య న్యూస్‌పేపరు దూర్చి
వారంపాటు ఆరబెట్టాడు.
కరెంటొచ్చి కంప్యూటరు వెలిగేసరికి
ఈ ఆర్డరు ఎక్కడ నిల్చుందో అక్కడే నిల్చునుంది.
పాపం, ఎవరూ కూర్చోమనలేదు దాన్ని.

ఇవాళ మధ్యాహ్నం టపాలో
బందరు నుంచి ఇన్‌లాండు లెటరు. వణికే అక్షరాలు.

"గ్రంథాలయాధికారి గారికి,
సంపాదకులు పోయి పదహారేళ్లు.
నేను వారి కంపోజిటర్ని. ప్రెస్సు అమ్మేశాం.
ఎనిమిదో భాగం ప్రూఫులు మా అటక మీదున్నాయి.
చందాదారులంతా మానుకున్నారు.
ఏటా ఏప్రిల్లో మీ ఉత్తరం మాత్రం వస్తుంది.
మీరొక్కరే ఇంకా అడుగుతున్నారు.
అందుకని వాటిని చెదలకి వదల్లేదు.
ఇట్లు, గుడిసేవ ఆంజనేయులు."

నేనడగలేదు.
అడిగింది ఆ మూడువందల అరవై అయిదు.
అచ్చువేసింది ప్రింటరు,
"సచ్చిపోయిన పుస్తకానికి ఉత్తరాలేటండి" అని గొణుక్కుంటూ
మడిచి తపాలాబిళ్ల అంటించింది ఎల్లాజీ.
నా సంతకం కూడా రబ్బరుముద్రే.

నిధులు విడిపించమని పైనుంచి మూడో కాగితం.
రద్దు నొక్కితే కారణం ఎంచుకోమంటుంది:
ప్రచురణ ఆగింది. విక్రేత లేడు.
రెండుసార్లు పెట్టాం. ఇతరములు.
అటక మీదుంది అనే కారణం
జాబితాలో ఎక్కడా లేదు.

ఇతరములు నొక్కాను.
సొమ్ము విడుదలైంది. ఎర్రగీత పోయింది.
వెనక ర్యాకులో ఏడో సంపుటం పక్కన
జానెడు జాగా మాత్రం అలాగే ఉంది,
ఎల్లాజీ అక్కడ ఇంకేదీ పెట్టనివ్వడు.

తెల్లకాగితం తీసి
"ఆంజనేయులు గారికి" దాకా రాశాను.
పదమూడేళ్లుగా రాస్తున్నదాన్ని,
మొదటి ఉత్తరం ఎలా మొదలుపెట్టను?

గుమ్మంలో సైకిలు తాళం ఆడిస్తూ ఎల్లాజీ:
"బేగి రాసీయండి మేడమ్,
ఆరింటికి డబ్బా తీసీస్తారు."