మూడున్నర చుక్కలు

ఆదివారం పేపర్లో ఆరో పేజీ అడుగున
అరచెయ్యంత నా కాలమ్.
హోటలుకి అయిదు చుక్కల దాకా ఇవ్వొచ్చు.
"నాలుగు దాటితే అమ్ముడుబోయినామంటారు,
మూడుకి తగ్గితే యాడ్ పోతుంది" అన్నాడు ఉమాపతి సారు.
అందుకే తిరుపతిలో ప్రతి హోటలూ
మూడుకీ నాలుక్కీ నడాన ఉడుకుతా ఉండేది.

ఎయిర్ బైపాస్ రోడ్డులో కొత్తగా తెరిచినారు.
బ్రంచ్ అంట.
సీసాల్లో మనీప్లాంటు,
గోడకి ఆనించి ఎవురూ తొక్కని సైకిలు.
బ్రంచ్ అంటే ఏందబ్బా అని అడిగితే
నల్ల ఏప్రాను కట్టుకున్న పలమనేరు పిల్లోడు
"టిఫిను కాదు మేడం, భోజనమూ కాదు,
పదకొండుకి తినేది" అన్నాడు.

నవ్వొచ్చింది.
చెనిక్కాయలు పెరికే రోజుల్లో మాయమ్మ
పదకొండుకే గట్టు మీద సద్ది మూట విప్పేది.
సంగటి ముద్ద, ఎర్రగడ్డ, ఇంత ఊరుబిండి.
దానికో పేరుందని ఇన్నేళ్ళకి తెలిసింది.
పేరుకి మూడువందలా ఎనభై, జీఎస్టీ వేరే.

అవకాడో పూసిన రొట్టె
ఫోటోకి బుద్ధిగా కూర్చుంది,
నోట్లోకి పోయినాక ఒక్క మాటా మాట్లాడలేదు.
వాళ్ళు బిల్లుతో నాకు చుక్కలు చూపించినారు.
నేను పేపర్లో వాళ్ళకి మూడున్నర చూపించినా.

లీలామహల్ కాడ బిర్యానీ: మూడుంబావు.
బైరాగిపట్టెడలో నాటుకోడి పులుసు, మూడుముక్కాలు,
ఆ పావు తగ్గింది కోడి తప్పు కాదు, ఫ్యాను తప్పు.
గాంధీరోడ్డు నెయ్యిదోసె కాడ
గంధం ఆరని గుండ్లు వరసగా కూర్చుంటే
ఏ దోసె ఏ గుండుదో తెలీక
సర్వరు నడిమధ్యలో నిలబడిపోయినాడు.
వాడి ముఖానికి ఒక చుక్క ఎక్కువేసినా.

ఒక వారం రాసేదానికి ఏమీ దొరకలేదు.
బస్టాండు ఎనక చెంగల్రాయులు టిఫిన్ సెంటరు.
ఆరు కుర్చీలు, ఒకటి కుంటిది.
తెల్లారి నాలుక్కి మద్రాసు బస్సు దిగే వాళ్ళకోసం
పెనం మీద నీళ్ళు చిలకరిస్తే చుయ్యిమంటుంది.
"దోసె బాగుంది. చట్నీ మాత్రం నీళ్ళు."
రెండు చుక్కలు.
వాళ్ళెప్పుడూ యాడ్ ఇచ్చేవాళ్ళు కాదు కదా.

మూడు నెల్లకి, వానకి, ఆ రేకుల కిందికే దూరినా.
పొయ్యి పైన, సామి పటం పక్కన,
ప్లాస్టిక్ కవరు తొడిగి అతికించినారు
నా అరచెయ్యంత కాగితం.
నూనె తుంపర్లు పడి నా పేరు కాడ మరక.

"ఏందక్కా అది?"
"మా అంగడి పేరు పేపర్లో పడింది పాపా.
ఎవరో పెద్దసారు వచ్చి తినిపోయినాడంట,
మేం గుర్తే పట్టలా."
పిండి చేత్తోనే చూపించింది గురవమ్మ.
"రెండు చుక్కలు గూడా పెట్టినాడు చూడు.
అందరికీ పెడతారా ఏంది?"

నేను దోసె తుంచుకుంటా ఉండా.

"చట్నీ నీళ్ళన్నాడు. నిజమే కదా.
ఆ పొద్దు నించి పప్పులు పిడికెడు ఎక్కువేస్తా ఉండాం.
దోసెకి మూడు రూపాయలు మిగిలేది,
ఇప్పుడు రెండే.
పోనీలే, మాట నిలబడాల."

వేళ్ళకి అంటుకుంటుండే చట్నీ.
గట్టిగా, బరువుగా, మర్యాదగా.
ఆ నీళ్ళ చట్నీయే దోసె కంతల్లోకి జారి
అంచు దాకా పాకేదని
పచ్చిమిరప ఘాటు చెవుల దాకా ఎక్కేదని
ఇప్పుడు, ఇప్పుడు గుర్తొస్తా ఉంది నాలిక్కి.

"అక్కా, రోంత నీళ్ళు కలిపి ఇస్తావా, చట్నీలో?"

గురవమ్మ గరిటె ఆపి
వాన కారే రోడ్డు పక్క ఒకసారి చూసింది.
"వద్దు పాపా.
ఆ సారు మళ్ళీ వస్తేనో?"